తనకు తాను వేసుకున్న వెలి

మోత ఆగలేదు. ఎప్పటిలా నాలుగుసార్లు గణగణలాడి, తెర మీద బొమ్మలు గిర్రున తిరిగి, మళ్ళీ బటన్ నొక్కమన్నట్టు చల్లారిపోతుందనుకుంది ప్రమోద. చల్లారలేదు. మెషీన్ నెత్తిన ఉన్న దీపం వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ, ఆ వరసలో కూర్చున్నవాళ్ళందరికీ ఆమెను చూపించడం మొదలుపెట్టింది. తెర మధ్యలో బంగారు రంగు అక్షరాలు వచ్చి నిలబడ్డాయి, అటెండెంట్ వస్తున్నారు, ఆగండి అని. మామూలు మనుషులైతే కుర్చీలోంచి ఎగిరి గంతేసే క్షణం. ప్రమోదకు అరికాళ్ళలోంచి చలి పాకింది. గెలిచింది. ఏది జరగకూడదని ఇన్ని వారాలుగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడుతోందో అదే జరిగింది, గురువారం మధ్యాహ్నం రెండూ పదికి, డెట్రాయిట్ నడిబొడ్డున కాసినోలో, అక్కడ ఆస్పత్రిలో స్నేహితురాలు రేణుకి చేతికి సూది పెట్టి మందు ఎక్కిస్తూ ఉండగా.

గెలుపుకి భయపడుతూ ఆడే మనిషి ఈ హాలు మొత్తం మీద తనొక్కతే అయి ఉంటుంది. లేక తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారేమో, ఎవరికి తెలుసు, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదనేగా అందరూ ఇక్కడికి వచ్చేది. పన్నెండు వందల డాలర్లు దాటిందంటే మెషీన్ దానంతటదే బిగుసుకుపోతుంది. మనిషి రావాలి, ఐడీ అడగాలి, టాక్స్ కాగితం మీద పేరు రాయాలి. ఆ లోపు అయితే గెలిచిన సొమ్ముకి ఒక చీటీ బయటికి వస్తుంది, పేరూ ఊరూ అడగదు. అందుకే ప్రమోద చిన్న పందేలే కాసేది, పేరు అడగనంత చిన్నవి. ఎందుకంటే ఆమె పేరు ఇక్కడ ఒక జాబితాలో ఉంది. ఎవరో ఎక్కించింది కాదు. మూడేళ్ళ కిందట తనే స్వయంగా వెళ్ళి, ఈ ఊళ్ళో ఉన్న మూడు కాసినోల్లోకీ నన్ను జన్మలో రానివ్వకండి, వస్తే నేరం కింద పట్టుకోండి అని ప్రభుత్వానికి రాసిచ్చింది. ఆ జాబితాకి వాళ్ళు పెట్టుకున్న పేరు నోరు తిరగనంత పొడుగు. ఆ రోజు నోవైలో ఇంటికి తిరిగి వస్తూ కార్‌లో దానికి తెలుగులో ఏమంటారా అని వెతుక్కుంటే ఒక్క మాటే దొరికింది, వెలి. నలుగురు పెద్దలు కూర్చుని ఎవరికో వేసేది. తను తనకే వేసుకుంది. మరి ఇవాళ ఆ పెద్ద పందెం బటన్ ఎందుకు నొక్కావు? చెయ్యి దానంతటదే అటు జరిగింది. అబద్ధం, చెయ్యి దానంతటదే జరగదు. పొద్దున రేణు రిపోర్ట్ చూసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. అదీ అబద్ధమే. రేణు మీదికి నెట్టకు, ప్రమోదా. నొక్కాలనిపించింది, నొక్కావు.

లేచి వెళ్ళిపోవచ్చు. ఇంకా ఎవరూ రాలేదు. కోటు వీపు వెనకే ఉంది, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళోనే ఉంది, పది అడుగులు వేస్తే మలుపు, మలుపు తిరిగితే పార్కింగ్ గరాజ్‌కి ఎస్కలేటర్. దీపం అలా తిరుగుతూనే ఉంటుంది, ఎవరిదో అనుకుంటారు. లే. లేవలేదు. పక్క మెషీన్ దగ్గర కూర్చున్న పెద్దావిడ, డెబ్బై దాటిన నల్లజాతి ఆవిడ, చర్చికి పెట్టుకెళ్ళేలాంటి ఊదారంగు టోపీ పెట్టుకుంది, ఇటు ఒంగి ప్రమోద మోకాలి మీద తట్టి, దేవుడు నీ వంక చూశాడు తల్లీ ఇవాళ, తీసుకుని ఇంటికెళ్ళిపో, వీళ్ళకి మళ్ళీ ఇచ్చెయ్యకు అంది. ప్రమోద నవ్వింది. థాంక్యూ అని కూడా అంది. ఆ మర్యాద ఎక్కడికీ పోదు, ఇల్లు తగలబడుతున్నా గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తుంది. అంతలో నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకున్న అమ్మాయి వచ్చింది, మెషీన్ వంకా ప్రమోద వంకా చూసి మొహం విప్పార్చుకుంది, కంగ్రాచ్యులేషన్స్ మేడమ్, ఐడీ ఉందా అంది. కార్‌లో మర్చిపోయానంటే చాలు. ఆ అమ్మాయే, వెళ్ళి తెచ్చుకోండి అనేది. ప్రమోద బ్యాగ్ తెరిచి డ్రైవింగ్ లైసెన్స్ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. పెడుతూ ఏమనుకుంది? చూడరేమో అనుకుంది. డబ్బు ఇస్తారేమో అనుకుంది. అవును, అరికాళ్ళు చల్లబడ్డాక కూడా. ఇస్తే ఆ డబ్బుతో రేణుకి మంచి ఉన్ని శాలువా ఒకటి కొనాలని కూడా అనుకుంది. రంగు కూడా ఆలోచించింది, నెమలికంఠం. ఆ ఆలోచన పుట్టిన మెదడుని తీసి ఎక్కడైనా పారేసి రాగలిగితే బాగుండు.

ఐదు నిమిషాలు మేడమ్ అని లైసెన్స్ పట్టుకుని వెళ్ళిపోయింది అమ్మాయి. ఇక పారిపోవడానికి లేదు. లైసెన్స్ లేకుండా కార్ ఎలా తీస్తుంది, రేణుని నలభై నిమిషాల దూరం ఇంటికి ఎలా తీసుకెళ్తుంది? చూశావా, ఇప్పుడు గుర్తొచ్చింది రేణుని ఇంటికి తీసుకెళ్ళాలని. ఆ రోజు కూడా ముందు లైసెన్సే అడిగారు. ప్రభుత్వ ఆఫీసు, కిటికీ అవతల మంచు, కళ్ళజోడుకి పూసల గొలుసు తగిలించుకున్న ఆవిడ బల్ల వెనక. ఎత్తెంత, బరువెంత, కళ్ళ రంగేమిటి, జుట్టు రంగేమిటి, ఒంటి మీద గుర్తులేమైనా ఉన్నాయా అని ఫారమ్‌లో గళ్ళు. గడ్డం కింద పుట్టుమచ్చ అని రాసింది ప్రమోద, ఎప్పుడో టెన్త్ పరీక్ష ఫారమ్‌లో రాసినట్టు. పక్క కుర్చీలో భర్త సూర్యప్రకాశ్. కొత్త మిక్సీ కొన్నా పుస్తకం మొత్తం చదివితే గానీ పెట్టె విప్పని మనిషి, కార్ల కంపెనీలో ముప్పై ఏళ్ళుగా బ్రేకుల డిజైన్ చేసే మనిషి, ఆ ఫారమ్ వెనక చిన్న అక్షరాలన్నీ చదివాడు. ఒకవేళ తర్వాత మనసు మార్చుకుంటే పేరు తీసేస్తారా అని అడిగాడు. లేదు సార్, ఇది లైఫ్‌టైమ్ అందావిడ. గుడ్ అన్నాడు. ఆ ఒక్క మాట ప్రమోద చెవిలో ఇప్పటికీ ఉంది. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. బోల్టు సరిగ్గా బిగిసిందని చూసుకున్నవాడి గొంతు అది. ఆయన అసలు తిట్టనే లేదు. కోటు జేబుల్లో కాసినో గరాజ్ టికెట్లు గుప్పెడు దొరికిన రాత్రి కూడా వాటిని డైనింగ్ టేబుల్ మీద తేదీల వారీగా పేర్చి, చాలాసేపు చూసి, పద, సంతకం పెట్టేద్దాం అన్నాడు. పెట్టేద్దాం. ఇద్దరం కలిసి ఏదో చేసినట్టు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళని ఎదిరించొచ్చు, వాళ్ళ మీద అలగొచ్చు. ఫొటో తీస్తామంటే జుట్టు సవరించుకుని కూర్చుంది ప్రమోద, కెమెరా వంక సూటిగా చూసింది. తిరిగి వస్తూ నోవై ఎగ్జిట్ దగ్గర ఆయన, ఇక అయిపోయింది అన్నాడు. ఆమె కూడా నమ్మింది. నిజంగానే అయిపోయింది కూడా, మూడేళ్ళు. ఆ వైపు ఫ్రీవే కూడా ఎక్కలేదు.

ఎలా మొదలైంది అని కౌన్సెలర్ అడిగినప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. ఇండియా నుంచి వచ్చిన మామగారి తమ్ముడు విశ్వనాథం గారిని నయాగరా చూపించి, కాసినో కూడా చూపించారు, అందరూ చూపిస్తారు. ఆయన పది నిమిషాల్లో విసుగొచ్చి కాఫీ కోసం వెళ్ళిపోయారు. ప్రమోద లేవలేదు. ఆ సంవత్సరమే ఆస్పత్రి లాబ్‌లో ఉద్యోగం పోయింది. ఇరవై రెండేళ్ళు మైక్రోస్కోప్ మీద ఒంగి రక్తంలో తెల్లకణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టిన కళ్ళు, ఆ పని యంత్రాలు చేస్తున్నాయని పంపించేశారు. ఈ మెషీన్ ముందు కూర్చుంటే ఆ కళ్ళకి మళ్ళీ పని దొరికినట్టయింది, తలలో ఉన్న గోలంతా ఈ గోలలో కలిసిపోయి వినపడకుండా పోయింది. అంతే. అంతకన్నా పెద్ద కారణమేమైనా ఉంటే ఎంత బాగుండేది, చెప్పుకోవడానికైనా. కౌన్సెలర్ తల ఊపి రాసుకుంది. నాలుగు వారాలు వెళ్ళి మానేసింది ప్రమోద. సంతకం పెట్టాక ఇంకెందుకు అనుకుంది.

ఒళ్ళో బ్యాగ్ లోపల ఫోన్ వణికింది. తీయకుండానే తెలిసింది, రేణు. ఈ టైమ్‌లో ఎందుకు? నాలుగింటి దాకా మందు ఎక్కుతుంది కదా, మధ్యలో నిద్రపోతుంది కదా. ఎత్తితే ఈ హాలు మోత వినపడుతుంది. ఇదివరకైతే మోగగానే రెస్ట్‌రూమ్‌కి పరుగెత్తి, తలుపు గడియ వేసుకుని, కేఫెటేరియాలో ఉన్నా, ఏం కావాలి అనేది. ఇప్పుడు కదలడానికి లేదు. వణికి వణికి ఆగింది. రేణు. పదిహేనేళ్ళ కిందట తెలుగు అసోసియేషన్ వంటశాలలో ఇద్దరూ కలిసి మూడు వందల మందికి పులిహోర కలిపారు, అక్కడ పడింది స్నేహం. హనుమకొండ అమ్మాయి, నోటికి ఎంతొస్తే అంత అనేది, నువ్వు మీ తెనాలి చక్కెర మాటలు ఆపవే తల్లీ అని వెక్కిరించేది. భర్తతో తెగతెంపులయ్యాక ఒక్కతే ఉంటోంది. కొడుకు నిశాంత్ ప్లేనోలో కొత్త ఉద్యోగంలో చేరాడు, లీవు లేదు. డిసెంబర్‌లో కడుపులో గడ్డ బయటపడితే, ఎవరికీ చెప్పకముందు ప్రమోదకి చెప్పింది. నేనున్నాగా, ప్రతి గురువారం నేను తీసుకెళ్తాను అంది ప్రమోద. మనస్ఫూర్తిగానే అంది. అది మాత్రం ఎవరూ కాదనలేరు, అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నర్స్, కుటుంబ సభ్యులే కూర్చోవాలండీ అంటే రేణు తడుముకోకుండా, మా అక్క అంది. ఆ నాలుగు గంటలూ పక్కనే కూర్చుంది ప్రమోద. మందు సంచీలోంచి చుక్క చుక్కా దిగుతుంటే రేణు ఆ చుక్కల వంక చూడకుండా ప్రమోద మొహం వంకే చూసేది. లాబ్‌లో పనిచేసింది కదా అని ప్రతివారం రక్తం రిపోర్ట్ ఆమెకిచ్చి, చూసి చెప్పు, డాక్టర్ చెప్పేది నాకెక్కదు అనేది. ప్రమోద చూసి, బానే ఉందే అనేది. రెండో వారానికే అంకెలు బానే లేవు. బానే ఉందని చెప్పి, నువ్వు కాసేపు పడుకో, నేను కింద కాఫీ తాగి వస్తా అని లేచింది. లిఫ్టు దిగింది. కేఫెటేరియా దాటింది. కార్ తీసింది. ఆరు నిమిషాల దారి. వీధులు మారలేదు, గరాజ్‌లో లెవెల్ రెండు కూడా మారలేదు.

మూడేళ్ళు దాటని గీత అది. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆపుతారని అనుకుంది. ఫొటో ఉంది కదా, పుట్టుమచ్చ కూడా రాసిచ్చింది కదా. సెక్యూరిటీ మనిషి గుడాఫ్టర్‌నూన్ అన్నాడు, అంతే. వేల మంది వచ్చిపోయే చోట ఎవరు పోల్చుకుంటారు, పేరు అడిగితే గానీ తెలియదు. ఎవరూ ఆపకపోయేసరికి ఏదో అన్యాయం జరిగినట్టు అనిపించింది ఆ క్షణం. తర్వాత అనిపించడం మానేసింది. ఇది తొమ్మిదో గురువారం. తిరిగి వెళ్ళేటప్పుడు కేఫెటేరియాలో పెద్ద కాఫీ కొని చేత్తో పట్టుకుని పైకి వెళ్ళేది, తాగడానికి కాదు, ఇంతసేపూ అక్కడే ఉన్నట్టు కనపడటానికి, కోటుకి పట్టిన సిగరెట్ పొగ వాసన తెలియకుండా ఉండటానికి. రేణుకి ఇప్పుడు కాఫీ వాసన పడదు. మొహం పక్కకి తిప్పుకునేది. అయినా ఏమనేది కాదు పిచ్చిది, పాపం నా కోసం పొద్దుటినుంచి ఈడనే పడి ఉన్నవ్, కాఫీ అన్న తాగు అనేది. మొన్న శనివారం వసంతలక్ష్మి గారింట్లో పూజకి వెళ్తే పదిమందిలో, ఈ రోజుల్లో సొంత అక్కచెల్లెళ్ళు కూడా ఇంత చెయ్యరమ్మా, ప్రమోదని చూసి నేర్చుకోవాలి అన్నారావిడ. అందరూ తలలూపారు. సూర్యప్రకాశ్ కూడా అక్కడే ఉన్నాడు, భార్య వంక చూసి చిన్నగా నవ్వాడు, గర్వంగా. ప్రమోద తల వంచుకుంది. అది వినయం అనుకున్నారు.

ఫోన్ మళ్ళీ వణికింది. ఆగింది. అప్పుడు వచ్చారు. నల్ల బ్లేజర్ వేసుకున్న సెక్యూరిటీ ఆయన ఒకడు, అతని వెనక నెరిసిన మీసాలున్న పోలీసు ఆఫీసర్. తాళాల అమ్మాయి దూరంగా నిలబడిపోయింది, ఇటు చూడటం లేదు. బ్లేజర్ ఆయన ఒంగి, చెవిలో చెప్పినంత మెల్లగా, మేడమ్, మీ సామాను తీసుకుని మాతో ఒకసారి వస్తారా అన్నాడు. అరవరేమిటి వీళ్ళు కూడా. ప్రమోద లేచింది. ఊదారంగు టోపీ పెద్దావిడ, చెక్కు ఇవ్వడానికి తీసుకెళ్తున్నారనుకుని, గుడ్ ఫర్ యూ అంటూ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య నుంచి నడిచింది ప్రమోద. ముందొకరు, వెనకొకరు. ఎర్ర కార్పెట్ మీద మెషీన్ల వరసలు ఎంతకీ తరగవు. తెలుగువాళ్ళెవరైనా ఉంటే? గురువారం మధ్యాహ్నం ఎవరుంటారు, అందరూ ఆఫీసుల్లో ఉంటారు. ఉంటే మాత్రం వాళ్ళేం చెప్పుకుంటారు, వాళ్ళూ ఇక్కడే ఉన్నారుగా. ఆ లెక్క కూడా వేసింది మనసు, నడుస్తూ నడుస్తూ. ఎంత తెలివి, దేనికీ కొరగాని తెలివి.

చిన్న గది. బల్ల, మూడు కుర్చీలు, గోడకి ఏమీ లేదు. ఆఫీసర్ కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. ఫొటోలో ఉన్నది మీరేనా మేడమ్ అన్నాడు. ప్రమోద చూసింది. బూడిద రంగు కార్డిగన్, దువ్వి ముడి వేసుకున్న జుట్టు, సూటిగా చూస్తున్న కళ్ళు. ఆవిడ మొహంలో భయం లేదు. ఒక మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడతానని అనుకుంటున్న మనిషి మొహం. ఇంతసేపూ సూర్యప్రకాశ్ ముందు, రేణు ముందు, వసంతలక్ష్మి గారింట్లో తల ఊపిన పదిమంది ముందు ఎలా తలెత్తాలా అని కుంగిపోతూ వచ్చింది గానీ, ఈవిడ ఒకావిడ ఉందని, ఈవిడకి కూడా మొహం చూపించాలని అనుకోలేదు. మిగతావాళ్ళకి తన సంగతి సగమే తెలుసు. ఈవిడకి మొత్తం తెలుసు. తెలిసే, తనలాంటిదాన్ని లోపలికి రానివ్వొద్దని సంతకం పెట్టింది.

"నేనే," అంది ప్రమోద.

సంతకం కూడా మీదేనా? నాదే. జీవితాంతం అని తెలిసే పెట్టారా? తెలిసే. ఆయన ఒక్కొక్కటీ టైప్ చేసుకున్నాడు. గెలిచిన డబ్బు ఇవ్వరనీ, ఈ జబ్బు ఉన్నవాళ్ళ చికిత్స కోసం రాష్ట్రం పెట్టిన నిధికి పోతుందనీ, ఏప్రిల్‌లో కోర్టుకి రావాలనీ చెప్పాడు. లాయర్‌ని పెట్టుకోండి, కౌన్సెలింగ్‌లో చేరితే జడ్జి చూస్తారు అని కూడా చెప్పాడు. చెబుతూ, మా అన్న కూడా ఈ జాబితాలో ఉన్నాడు మేడమ్ అన్నాడు తెర వంకే చూస్తూ. బ్యాగ్‌లో ఫోన్ మూడోసారి వణకడం మొదలుపెట్టింది. ఎత్తుకోవచ్చు మేడమ్ అని ఆయన కాగితాలు ప్రింట్ చేసుకోవడానికి అటు తిరిగాడు.

"ఎక్కడున్నవే? ఎన్నిసార్లు చెయ్యాలె?" రేణు గొంతు పీలగా ఉంది. "ఇవాళ మధ్యలనే ఆపేసిండ్రు. మొదలుపెట్టిన కొద్దిసేపటికే ఒళ్ళంత దద్దుర్లు, వణుకు. గంటసేపు చూసి ఇంటికి పొమ్మన్నరు. అరగంటాయె, కింద లాబీల కూసున్న. కేఫెటేరియాల చూసి రమ్మని నర్స్‌ని పంపిస్తే నువ్వు లేవన్నది."

మూడు అబద్ధాలు వరసగా వచ్చి నిలబడ్డాయి, క్యూలో నిలబడ్డట్టు. టైర్ పంక్చర్ అయింది. మందుల షాపుకి వెళ్ళాను. తలనొప్పిగా ఉంటే కార్‌లో పడుకున్నాను. ఏది చెప్పినా సరిపోతుంది. ఈ గదిలో తెలుగు వచ్చినవాళ్ళు లేరు, అటు తిరిగిన ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు, ఇంత సులువుగా ఎప్పుడూ దొరకదు. దద్దుర్లు. వణుకు. పక్కన ఎవరూ లేరు. తన మొహం వంక చూద్దామని రేణు కళ్ళు తెరిచి ఉంటుంది, ఆ వణుకులో.

"కాసినోలో ఉన్నాను, రేణూ," అంది ప్రమోద. "నేను రాకూడదని రాసిచ్చిన చోటు. పోలీసులు పట్టుకున్నారు."

అవతల లాబీలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. లిఫ్టు గంట మోగింది.

"ఇవాళ ఒక్కరోజేనా?"

"కాదు. రెండో వారం నుంచీ."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"నిద్రల నాకు అనిపించేది," అంది రేణు, "పక్కన కూసొని నువ్వు పేజీలు తిప్పుతున్నవని. చప్పుడు కూడ ఇనొచ్చేది." ఇంకేదో అనబోయి ఊపిరి తీసుకుంది. "కోపం తెచ్చుకునే ఓపిక కూడ లేదు నాకిప్పుడు. ఎప్పుడు ఇడుస్తరంట?"

"సంతకాలు పెట్టించుకుని వదిలేస్తారట."

"అయితే జల్ది రా. చలి పెడుతున్నది."

తిట్టలేదు. ఛీ అనలేదు, నీ మొహం చూపించకు అనలేదు. అనడానికి ఆమెకి వీల్లేదు. అంటే ఇంటికి తీసుకెళ్ళేదెవరు, వచ్చే గురువారం తీసుకొచ్చేదెవరు, ప్లేనోలో ఉన్న కొడుకు ఇప్పటికిప్పుడు విమానం ఎక్కి వస్తాడా? కోపం కూడా ఒంట్లో కాస్త బలం ఉన్నవాళ్ళకే. రేణుకి ఆ బలం లేదు, ప్రమోద తప్ప ఇంకో కార్ లేదు, అందుకని జల్ది రా అంది. దాన్ని క్షమించడం అనుకునే హక్కు తనకి లేదు. ఆఫీసర్ కాగితాలు ముందు పెట్టాడు. మూడు చోట్ల సంతకం పెట్టింది, అదే చెయ్యి, అదే సంతకం, కింద తేదీ ఒక్కటే వేరు. లైసెన్స్ తిరిగి ఇచ్చారు. హెల్ప్‌లైన్ నంబర్ ఉన్న కార్డు ఇచ్చారు. వెనక తలుపు గుండా గరాజ్ దాకా తీసుకొచ్చి, డ్రైవ్ కేర్‌ఫుల్లీ మేడమ్ అన్నాడు బ్లేజర్ ఆయన. బయట మార్చి నెల ఎండ కళ్ళలో గుచ్చుకుంది, రోడ్డు పక్క మంచు నల్లగా మసిబారి కుప్పలు పడి ఉంది. ఆరు నిమిషాలు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద తన చేతులు చూసుకుంది. ఏమీ లేదు వాటి మీద, శుభ్రంగానే ఉన్నాయి.

ఆస్పత్రి గాజు తలుపుల ఇవతల, చక్రాల కుర్చీలో, ఆస్పత్రి దుప్పటి మెడ దాకా కప్పుకుని ఉంది రేణు. వెనక వాలంటీర్ ఒకావిడ నిలబడి ఉంది. మొహం మీద దద్దుర్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి, బుగ్గల మీదా గడ్డం కిందా. ప్రమోద దిగి పరుగున వెళ్ళి ముందు సీటు తలుపు తెరిచింది. "వెనక కూసుంట," అంది రేణు. పడుకుంటావా, సీట్లో దిండు సర్దనా అంది ప్రమోద. "వద్దు. కూసుంట." వాలంటీర్ సాయం పట్టి ఎక్కించింది. ప్రమోద వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. అద్దంలో రేణు కళ్ళు కనపడ్డాయి, ఆమె చూపు తప్పించింది. తప్పించింది రేణు కాదు, తనే. వెనక కార్ హారన్ కొడితే కాస్త ముందుకి తీసి, పికప్ లైన్ చివర గోడ పక్కన ఆపింది. ఏదో ఒకటి అనాలి. సారీ అన్నది మరీ చిన్న మాట, దుకాణంలో ఎవరికో భుజం తగిలితే అనే మాట.

"మీ ఆయనకి ఫోన్ చెయ్యి," అంది రేణు.

"ఇంటికెళ్ళాక చెప్తాను."

"ఇల్లు చేరేటందుకు నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలల్ల నువ్వు ఇంకో కథ అల్లుతవ్, నాకు తెల్వదా. ఇప్పుడు చెయ్యి. స్పీకర్‌ల పెట్టు."

పెట్టింది. రెండు రింగులకే ఎత్తాడు సూర్యప్రకాశ్. "హలో ప్రమోదా, ఏంటి ఈ టైమ్‌లో? రేణు గారికి ఎలా ఉంది?" ఆఫీసులో ఉన్నట్టున్నాడు, వెనక ఎవరో నవ్వుతున్నారు. ప్రమోద నోరు తెరిచింది. హలో, వినపడుతోందా అన్నాడు ఆయన.

"నేను ఇవాళ ఆస్పత్రిలో లేనండీ," అంది.

అవతల నవ్వుతున్నవాళ్ళ గొంతులు దూరమయ్యాయి. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. ఆయన అడగలేదు, ఎక్కడున్నావని. తెలిసిపోయింది. మూడేళ్ళూ ఆయన లోపల ఎక్కడో ఈ ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నాడు కాబోలు.

"చెప్పు," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టింది. జనవరి, రెండో గురువారం. రేణు నిద్రపోతుంటే కాఫీకని కిందికి దిగాను. కార్ తీశాను. ఎవరూ ఆపలేదు. ఆ వారం మొదలు ప్రతివారం. మాట ఎక్కడ మెత్తబడుతోందో, ఎక్కడ పక్కకి జారుతోందో తనకే వినపడుతోంది, అయినా జారింది. "కాసేపే కూర్చుని వచ్చేద్దామని వెళ్ళేదాన్నండీ, కాసేపే ఉండేదాన్ని..."

"కాసేపు కాదు," అంది వెనక సీట్లోంచి రేణు.

ప్రమోద కళ్ళు మూసుకుని తెరిచింది. ఈసారి అద్దంలోకి చూసింది.

"కాసేపు కాదండీ," అంది. "మూడు గంటలు. ప్రతిసారీ మూడు గంటలు."